జెల్ల ముల్లు

మిషన్ మీద అంకె కనపడగానే నజ్నీన్ దాన్ని అరచేత్తో కప్పేసింది. ఎవరూ చూడటం లేదు. చూసే తీరిక ఆ మధ్యాహ్నం క్యాజువాలిటీలో ఎవరికీ లేదు. వానకి హైవే మీద జారి తాడేపల్లిగూడెం బస్సొకటి పొలంలోకి ఒరిగిపోయిందట, ఒక్కొక్కరినీ మోసుకొచ్చి ఏ మంచం ఖాళీగా ఉంటే ఆ మంచం మీద, మంచాలు అయిపోయాక నేలమీద పడుకోబెడుతున్నారు. బురద, రక్తం, తడిబట్టల వాసన, ఎవరి జేబులోనో ఆగకుండా మోగుతున్న సెల్‌ఫోను. ఆ గోలకి ఎడంగా, గోడవార మంచం మీద కాంతం కూర్చుని ఉంది. పడుకుని కాదు, కూర్చుని, కాళ్లు కిందికి వేలాడేసుకుని, పసుపు పట్టించిన కుడిచేతిని చంటిపిల్లని పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని. ఆవిడ ఎడమచేతి వేలినుంచి తీసిన చుక్క ఇంకా పట్టీ మీద ఎర్రగా మెరుస్తోంది. నజ్నీన్ అరచెయ్యి కొద్దిగా ఎత్తి మళ్లీ చూసింది. ఆరు పాయింట్ నాలుగు. మిషన్ తప్పు చూపిస్తోందేమో, వేలికి స్పిరిట్ తడి ఆరకుండానే గుచ్చానేమో, పట్టీ పాతబడిందేమో అనుకుంది, అనుకుంటూనే ఇవేవీ కావని తెలుసుకుంది, ఎందుకంటే ఇది రెండో పట్టీ. మొదటిదాని మీద ఆరు పాయింట్ రెండు వచ్చింది.

"ఎంతొచ్చిందండీ? సుగరేనా?" అంది కాంతం.

"సుగర్ కాదండీ. వేరే టెస్టు."

"బాగానే ఉందాండీ?"

బాగానే ఉందా అని అడిగిన మనిషికి ఏం చెప్పాలో ఎండీ రెండేళ్లలో ఎవరూ నేర్పలేదు. "పెద్ద డాక్టరుగారు చెబుతారండీ," అంది నజ్నీన్. అదీ అబద్ధమే. పెద్ద డాక్టరుగారికి ఈ అంకె చెప్పకూడదు. ఆయనకే కాదు, కాంతానికి వైద్యం చేసేవాళ్లెవరికీ తెలియకూడదు. ఈ మిషన్ లోపలే ఉండిపోవాలి, ఆఖరి రోగి పూర్తయ్యాక, ఎవరు బతికారో ఎవరు పోయారో తేలాక, అప్పుడు విప్పి చూడాలి. అదీ రూలు. రూలు పెట్టింది ఎవరో కాదు, తనే. ఒంట్లో చీము పట్టి, ఆ విషం రక్తంలోకి ఎక్కి, మనిషి చూస్తుండగానే కుప్పకూలే సెప్సిస్‌ని, కూలకముందే ఒక చుక్క రక్తంతో పట్టుకోవచ్చా అన్నది తన థీసిస్. కండలకి ప్రాణవాయువు అందనప్పుడు రక్తంలో పేరుకునే లాక్టేట్ ఈ చిన్న మిషన్ మీద నిమిషంలో తెలుస్తుంది. ప్రోకాల్సిటోనిన్ అనే ఇంకోటి ఉంది, దానికోసం తీసిన గొట్టాన్ని ఐసులో పెట్టి హైదరాబాదు పంపాలి, ఫలితం వచ్చేసరికి రోగి ఇంటికైనా వెళ్తాడు, మట్టికైనా వెళ్తాడు. లాక్టేట్ రెండు లోపల ఉంటే భయం లేదు. నాలుగు దాటితే పుస్తకాలు భయపడమంటాయి. కానీ ఆ పుస్తకాలన్నీ ఎక్కడో చలిదేశాల ఆసుపత్రుల్లో రాసినవి. మన ఏలూరులో, మన ఎండలో, పొద్దుటినుంచీ చెరువులో నడుంలోతున నిలబడి వచ్చిన మనిషిలో, సగం తిని సగం తినని మనిషిలో ఆ అంకె అదే మాట చెబుతుందా, వేరే మాట చెబుతుందా? ఎవరికి తెలుసు? తెలుసుకోవడానికే గదా ఇదంతా.

ఎథిక్స్ కమిటీ గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమని తిరుగుతుండగా ఈ మాటే ఎంత ధీమాగా చెప్పింది తను. డాక్టర్లకి అంకె తెలిస్తే ఊరుకోరండీ, పెద్ద అంకె వచ్చినవాళ్లకి ఎక్కువ వైద్యం చేసేస్తారు, వాళ్లు బతికేస్తారు, అప్పుడు ఆ అంకెకి విలువ ఉందో లేదో ఎప్పటికీ తేలదు. గిరిధర్ సార్ తన గైడు, ఆయనే కొంచెం నసిగారు, అయినా తను వదల్లేదు. అప్పుడు కమిటీలో ఊరి తరఫున కూర్చునే రిటైర్డ్ టీచరు వీరరాఘవమ్మగారు కళ్లజోడు తీసి పమిటతో తుడుచుకుంటూ, "డాక్టర్లకి తెలియదు సరే. తెలిసినదానివి నువ్వొకదానివి ఉంటావు గదమ్మా, నువ్వెలా ఊరుకుంటావు?" అని అడిగారు. "అది నిజమో కాదో ఇంకా తెలియదండీ, తెలిసిందని ఎలా అంటాం?" అంది నజ్నీన్. అందరూ తలలూపారు. తను ఆ జవాబుకి లోపల్లోపల మురిసిపోయింది కూడా. ఇప్పుడు ఆ జవాబు నోట్లో ఇసకలా ఉంది.

కాంతం మాట్లాడుతూనే ఉంది. కొల్లేటి లంకల్లోంచి ఆటోలో వచ్చారట, దారిపొడుగునా నీళ్లేనటండీ, రోడ్డేదో చెరువేదో తెలియలేదండీ, ఆటో అబ్బాయి దేవుడి దయవల్ల తీసుకొచ్చాడండీ. చేపల ప్యాకింగులో పని. ఐసు కొట్టి ట్రేల్లో చేపలు సర్దడం, లారీలకి ఎక్కించడం. అంతకు ముందు వాళ్లకీ చెరువులో వాటా ఉండేది, రెండేళ్లకిందట ప్రభుత్వం గట్లు కొట్టించేసినప్పుడు అదీ పోయింది. మొగుడు సత్తిరాజు మంచం కాళ్లదగ్గర తడితువ్వాలు తలకి చుట్టుకుని, పెళ్లాం చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, నేలమీద పెడితే ఎవరైనా పట్టుకుపోతారన్నట్టు. "జెల్ల ముల్లండీ," అంది కాంతం, "రొయ్య కాదు, బొచ్చె కాదు, ముష్టి జెల్ల. ట్రేలో అడుక్కి ఉందని చూసుకోలేదు, చెయ్యి పెట్టాను, ఇదుగో ఈ చిటికెన వేలి మొదట్లో దిగింది. చిన్నప్పటినుంచీ గుచ్చుకుంటూనే ఉన్నాయండీ, ఎప్పుడూ ఇలా పొంగలేదు. నిన్నంతా ప్రాణం తోడేసిందండీ నొప్పి, ఆయన్ని తిట్టాను, అత్తని తిట్టాను. ఇప్పుడు నయం. నొప్పే లేదు." నొప్పే లేదు. నజ్నీన్ ఆ మాట పట్టుకుంది. నొప్పి తగ్గింది, మాట తేటగా ఉంది, బీపీ పడిపోలేదు, జ్వరం కాస్తే. గిరిధర్ సార్ ఇటుగా వెళ్తూ చూసి, చెయ్యి వాచింది, సెలైన్ పెట్టి ఇంజెక్షన్ రాసి వార్డుకి పంపండి అన్నారు. ఆయన ఎన్ని వందల చేతులు చూసుంటారు. ఆయన కళ్లు ఒకవైపు, తన చేతిలోని బొమ్మంత మిషన్ ఒకవైపు. ఆవిడకి ఏమీ కాలేదు అని మనసులో గట్టిగా అనుకుంది నజ్నీన్. అనుకున్నంతసేపూ బాగుంది.

పోయిన నెల కామవరపుకోట నుంచి ఒక కుర్రాణ్ణి తెచ్చారు, జ్వరంలో ఫిట్స్ వచ్చి, పళ్లు గిట్టకరుచుకుని. వాడికి ఎనిమిది వచ్చింది. ఎనిమిది! ఆ సాయంత్రమంతా తను వాడి మంచం చుట్టూ తిరిగింది, చెప్పాలా వద్దా అని పెదవి కొరుక్కుంది. వాడు లేచి ఇడ్లీ తిని, చట్నీ పలచగా ఉందని విసుక్కుని, మర్నాడు నడుచుకుంటూ ఇంటికెళ్లాడు. ఫిట్స్‌లో కండలు బిగుసుకుంటే అంకె దానంతట అదే పెరుగుతుందని తర్వాత చదివి తెలుసుకుంది. మరి అంకె అబద్ధం కూడా ఆడుతుందిగా. ఇవాళ చెబితే, రేపు ఇంకొకరికి చెప్పాలి, ఎల్లుండి ఇంకొకరికి, భయపడ్డప్పుడల్లా చెబుతూపోతే అది స్టడీ కాదు, భయం. ఇప్పటిదాకా చేసిందంతా కొల్లేట్లో కలిసిపోతుంది. అయితే కాంతానికి ఫిట్స్ రాలేదు. ఆవిడ పరిగెత్తలేదు. ఆవిడ కూర్చుని ఉంది, కూర్చునే ఉంది, మరి ఎందుకంత ఆయాసం?

ఆయాసం. ఆ మాట తనకి ఇప్పుడే తోచింది, తోచగానే కళ్లు కాంతం మెడ కిందికి వెళ్లాయి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కొద్దిగా ముందుకు తోసుకొస్తోంది, జాకెట్టు గుండీల దగ్గర పైకీ కిందికీ, పైకీ కిందికీ, ఎక్కడో కనపడని మెట్లు ఎక్కుతున్నట్టు. గట్టిగా రొప్పడం కాదు. చూడకపోతే కనపడదు. ఇలాంటి ఊపిరి తనకి తెలుసు. కళ్లతో తెలియదు, వీపుతో తెలుసు. తంగెళ్లమూడిలో దాదీమా, నాన్నని కన్న తల్లి, తివాచీ మగ్గం ముందు కూర్చుని, తనని ఒళ్లోకి లాక్కుని, ఉన్ని పోగు ముడి వేసి కత్తితో టక్కున తెంపుతూ, మళ్లీ ముడి, మళ్లీ టక్. ఆ ఒళ్లో వీపు ఆనించి కూర్చుంటే దాదీమా ఊపిరి నెమ్మదిగా, పెద్ద పడవలాగా ఊగేది. ఆ రోజు మాత్రం అలా లేదు. దాదీమా బద్రున్నీసాకి అప్పటికి కొన్ని రోజులుగా జ్వరం, నడుంనొప్పి, మూత్రంలో మంట. ఆ రోజు పొద్దున్నే జ్వరం దిగిపోయింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. దాదీమా లేచి కూర్చుంది, చాయ్ అడిగింది, నాన్న ముబారక్ మీసం మీద ఏదో వేళాకోళం ఆడింది, అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్ల నజ్నీన్‌ని ఒళ్లోకి తీసుకుంది. ఆ ఒళ్లో కూర్చున్న పిల్లకి మాత్రం వీపు వెనకాల దాదీమా పరిగెడుతున్నట్టు అనిపించింది. కూర్చునే ఉంది, పరిగెడుతోంది. "ఎక్కడికి పరిగెడుతున్నావ్ దాదీమా?" అని అడిగింది. అందరూ నవ్వారు. పిల్లలు ఏదో అంటారు. పొద్దుగూకకముందే దాదీమా మీదా, మగ్గం మీదా గుడ్డ కప్పేశారు.

ఎండీ సీటు వచ్చాక ఈ టాపిక్కే ఎందుకని అడిగినవాళ్లకి నజ్నీన్ ఎప్పుడూ వేరే కారణం చెప్పింది. దేశంలో సెప్సిస్ మరణాలు, ఎమర్జెన్సీలో పడకల కొరత, ఖర్చు తక్కువైన పరీక్ష. అన్నీ నిజాలే. దాదీమా పేరు ఎక్కడా చెప్పలేదు. సైన్సులో దాదీమాలకి చోటు ఉండకూడదని తన నమ్మకం. ఒక్క మనిషి కథ పట్టుకుని ఊగిపోయేవాళ్లు డాక్టర్లు కాకూడదు. ఇప్పుడు కాంతం మెడకింద ఆ ఊపిరి చూస్తుంటే ఆ నమ్మకం ఏమైనట్టు? గడియారం చూసుకుంటూ ఊపిరులు లెక్కపెడదామనుకుంది, మధ్యలో నేలమీద ఎవరో అమ్మా అని అరిస్తే లెక్క తప్పింది, మళ్లీ మొదలుపెట్టింది. నర్సు విక్టోరియా రాసిన కాగితంలో ఊపిరి మామూలని ఉంది. ఇంతమంది ఒక్కసారి వచ్చి పడితే ఎవరైనా అలాగే రాస్తారు, తనైనా అంతే. కానీ ఇది మామూలు కాదు. మామూలుకి ఒకటిన్నర రెట్లు.

ఐసీయూలో ఒకటే బెడ్డు ఖాళీ ఉంది. అది ఇందాకే విన్నది. అది పట్టాభిరామయ్యగారికి అనుకున్నారు, తాడేపల్లిగూడెంలో బెల్లం హోల్‌సేలు వ్యాపారం, బస్సు కింద నుంచి తీశారు, పక్కటెముకలు విరిగాయి, నుదుటినుంచి కారిన రక్తం ముఖమంతా ఎండిపోయి, కదిలించినప్పుడల్లా ఆయన పెట్టే కేక గది ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడుతోంది. ఆయన భార్య రత్నాంబగారు తన దెబ్బలు మరిచిపోయి ఆయన పాదాలు పట్టుకుని కూర్చున్నారు. ఎవరు చూసినా ఆయనకే బెడ్డు ఇస్తారు. చూపుకి ఆయన పోయేవాడిలా ఉన్నాడు, కాంతం చుట్టపుచూపుగా వచ్చినదానిలా ఉంది. తను ఇప్పుడు వెళ్లి ఒక మాట అంటే ఆ బెడ్డు ఇటు తిరుగుతుంది. తిరిగి, ఆయనకి ఏమైనా అయితే? ఊపిరితిత్తికి ఎముక గుచ్చుకుని ఉంటే? అంకె అబద్ధమై, కాంతం రేపు ఇడ్లీ తిని వెళ్లిపోతే, ఆయన ఇక్కడ నేలమీద... వార్డుబాయ్ వీల్‌చైర్ తోసుకుంటూ వచ్చాడు. "కాంతం ఎవరండీ? జనరల్ వార్డు." కాంతం లేవబోయి, సత్తిరాజుతో, "చెప్పులియ్యి," అంది. కూర్చున్నది లేచి నిలబడేసరికి ఒక్క లిప్తపాటు ఆవిడ కళ్లు ఎటో వెళ్లి తిరిగొచ్చాయి. నవ్వింది. "కళ్లు తిరిగినయ్యండీ, పొద్దుటినుంచీ ఏం తిన్లేదు గదా."

నజ్నీన్ వెళ్లిపోయింది. అంటే కాళ్లు వెళ్లాయి, తను ఇంకా ఆలోచిస్తూనే ఉంది. నేలమీద మనుషుల మధ్య కాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ, వీరరాఘవమ్మగారి కళ్లజోడూ, ఇడ్లీ తిన్న కుర్రాడూ, ఎన్నో నెలల రక్తపు చుక్కలూ తనతోపాటే నడుస్తూ, గిరిధర్ సార్ ముందు తేలింది. ఆయన పట్టాభిరామయ్యగారి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వింటున్నారు.

"సార్. గోడవార మంచం, కాంతం."

"చూశాను కదమ్మా. వార్డుకి పంపమన్నాను."

"వార్డుకి వద్దు సార్. ఆవిడ లాక్టేట్ ఆరు పాయింట్ నాలుగు. రెండుసార్లు చూశాను."

ఆయన స్టెతస్కోపు చెవుల్లోంచి తీయలేదు. వినపడలేదేమో అనుకుంది. వినపడింది. నెమ్మదిగా తల తిప్పి, "చెప్పకూడదని నాతో వాదించింది నువ్వే కదా," అన్నారు. కోపం లేదు ఆ గొంతులో, ఎగతాళీ లేదు. రోగి చరిత్ర అడిగినట్టు అడిగారు.

"నేనే సార్."

"మరి?"

"ఊపిరి ఎక్కువగా ఉంది సార్. నొప్పి ఒక్కసారిగా పోయిందంటోంది." ఆ రెండో మాట నోట్లోంచి వచ్చాకే దాని అర్థం తనకి తట్టింది. నొప్పి తగ్గడం కాదది. చచ్చిన చోట నొప్పి ఉండదు.

గిరిధర్ సార్ స్టెతస్కోపు మెళ్లో వేసుకుని అప్పటికే నడుస్తున్నారు. వీల్‌చైర్‌ని తలుపు దగ్గర ఆపారు. కాంతం చేతి మీద పసుపు తడిదూదితో తుడిచేశారు. పసుపు కింద తోలు ఊదారంగుకి తిరిగి ఉంది, మణికట్టు పైన ఒక చిన్న నల్లటి బొబ్బ. అక్కడ సూదిమొనతో తాకారు. "ఇక్కడ తెలుస్తోందా అమ్మా?" "ఎక్కడండీ?" అంది కాంతం. ఇంకాస్త పైన తాకారు. "ఇక్కడ?" "గుచ్చారాండీ?" వాపు అంచుమీద రెండు వేళ్లు పెట్టి నొక్కారు, ఆయన ముఖంలో ఏదో మారింది. నజ్నీన్ చెయ్యి పట్టుకుని అదే చోట పెట్టారు. తోలు కింద కండ కుళ్లి గాలి చేరి, ఇసక నలిగినట్టు సన్నటి చప్పుడు వేళ్లకి తగిలింది. ఇందాకటినుంచీ ఆ చేతికి మూరెడు దూరంలో నిలబడి ఉంది తను. మిషన్ని చూసింది, ఊపిరి చూసింది, పసుపు తుడవలేదు.

"ఐసీయూ," అన్నారు సార్. "సెలైన్ రెండువైపులా, వేగంగా. కల్చర్‌కి రక్తం తీసి యాంటీబయాటిక్ ఇక్కడే ఎక్కించండి, పైకి వెళ్లేదాకా ఆగొద్దు. సర్జన్‌గారిని పిలవండి, చెయ్యి తెరవాలి."

"ఏవండీ!" రత్నాంబగారు లేచి నిలబడ్డారు. "ఏవండీ డాక్టరుగారూ, ఆ బెడ్డు మా ఆయనకన్నారు గదండీ!"

"ఆయనకి ఎముకలు విరిగాయమ్మా. ఊపిరి రెండువైపులా బాగానే ఆడుతోంది, ఇప్పుడే విన్నాను. ఇక్కడే ఆక్సిజన్ పెట్టి చూసుకుంటాం."

"ఆవిడ కూర్చుని కబుర్లు చెబుతోందండీ! మా ఆయన్ని చూడండి ఎలా ఉన్నారో. కళ్లుండే మాట్లాడుతున్నారా మీరు?" ఆ చివరిమాట సార్‌తో కాదు, నజ్నీన్‌తో అన్నారు. ఎవరు వెళ్లి ఏం చెప్పారో ఆవిడ చూశారు. నజ్నీన్ చేతులు అప్పటికే కాంతం ఎడమ మోచేతి మడతలో నరం వెతుకుతున్నాయి. నిజానికి ఆవిడ అన్నది తప్పెక్కడుంది? కళ్లతో చూస్తే అంతే. సూది దిగింది, రక్తం సీసాల్లోకి వచ్చింది, సెలైన్ గొట్టం తగిలించింది, విక్టోరియా మందు కలిపి తెచ్చి, "మేడమ్, ఆ పెద్దాయన్ని నేను చూసుకుంటాను, మీరు ఈవిడతో వెళ్లండి," అంది. ఆ ఒక్క మాటకి నజ్నీన్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

లిఫ్టు దాకా ఉన్న వరండా ఎప్పుడూ ఇంత పొడుగని తెలియలేదు. కాంతాన్ని వీల్‌చైర్‌లోంచి మార్చి పడుకోబెట్టిన స్ట్రెచర్ చక్రం ఒకటి అడ్డం తిరిగి గీ మంటోంది. బయట వాన వట్లూరు వైపు పొలాల మీద తెల్లటి తెరలా నిలబడి ఉంది. తన చేతిలో కాంతం నాడి, తన కళ్లు గొట్టంలో పడే చుక్కల మీద, పడండి, పడండి, త్వరగా పడండి. గంట అంటారు పుస్తకాల్లో. విషం ఎక్కిన మనిషికి మందు మొదటి గంటలో పడాలి, ఆలస్యమైన ప్రతి గంటా బతుకులోంచి కొంత కోసుకుపోతుంది. ఆ గంట ఎప్పుడు మొదలైంది? ఆసుపత్రి మెట్టెక్కినప్పుడా, ముల్లు దిగినప్పుడా, అంకె కనపడినప్పుడా? తను అరచేత్తో కప్పుకుని నిలబడిన ఆ కాసేపు దేని లెక్కలోకి వస్తుంది? కాంతం పడుకుని కూడా మాట్లాడుతూనే ఉంది, సత్తిరాజుకి చెబుతోంది, మేకకి ఆకు వెయ్యమను, కిరోసిను డబ్బా వానలో ఉండిపోయింది, మీ అమ్మకి చెప్పు, బియ్యం డబ్బా మూత సరిగా...

మాట అక్కడ ఆగింది. నజ్నీన్ వేళ్ల కింద నాడి సన్నటి దారంలా అయింది, తర్వాత దారం కూడా చేతికి చిక్కలేదు. "కాంతంగారూ! కాంతంగారూ!" కళ్లు తెరిచే ఉన్నాయి, తననే చూస్తున్నాయి, తనలోంచి వెనకాలకి చూస్తున్నాయి. లిఫ్టు తలుపు తెరుచుకోవడం, ఇద్దరు ముగ్గురు పరిగెత్తుకు రావడం, సెలైన్ సీసాని ఎవరో రెండు చేతులతో పిండటం, బీపీ పట్టీ గుస్సుమని పొంగి ఏ అంకే చూపించకపోవడం, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరిగాయో ఒకేసారి జరిగాయో తెలియలేదు. ఒక్కటే తెలుసు. మందు లోపలికి వెళ్లింది. నీరు లోపలికి వెళ్తోంది. తను చెప్పకపోయుంటే ఈవిడ ఇప్పుడు జనరల్ వార్డులో, కిటికీ పక్క మంచం మీద, అన్నం క్యారియరు కోసం మొగుణ్ణి కిందికి పంపి, గోడవైపు తిరిగి పడుకుని ఉండాలి. ఎవరో నిద్రపోతోందనుకుని దుప్పటి కప్పేవారు. సత్తిరాజు ఐసీయూ గడప దగ్గర ఆగిపోయాడు. "లోపలికి చెప్పుల్తో రాకూడదుగా అండీ," అన్నాడు, తన కాళ్లకి ఏమీ లేవు, చేతిలోవి చూపిస్తూ.

నాడి మళ్లీ దొరికింది. మొదట మెడ దగ్గర, తర్వాత మోచేతి దగ్గర, ఆ తర్వాత చాలాసేపటికి మణికట్టు దగ్గర. బీపీ నిలబెట్టే మందు చుక్కచుక్కగా మొదలుపెట్టారు, ఊపిరికి గొట్టం వేశారు, సర్జన్‌గారు వచ్చి చేతిని ఒక్కసారి చూసి, "థియేటర్ రెడీ చేయండి, మోచేతిదాకా తెరుద్దాం, తెరిస్తేగానీ ఎంత నిలుస్తుందో చెప్పలేను," అన్నారు. కాంతాన్ని తోసుకుపోయాక నజ్నీన్‌కి రత్నాంబగారు గుర్తొచ్చారు. మెట్ల మీద పరిగెత్తింది. మెట్టుకో ఊహ. ఆయన ముఖం మీద తెల్లగుడ్డ. ఆయన మంచం ఖాళీ. విక్టోరియా తల దించుకుని. క్యాజువాలిటీ తలుపు తోసేసరికి పట్టాభిరామయ్యగారు ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో, నుదుటికి కట్టుతో, విక్టోరియాతో కాఫీ గురించి తగువాడుతున్నారు, నొప్పి కేకల మధ్యలోనే. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి నిక్షేపంగా ఉందట. నజ్నీన్ గోడకి ఆనుకుంది. రత్నాంబగారు తనని చూసి ముఖం తిప్పేసుకున్నారు. తిప్పుకోనీ.

గిరిధర్ సార్ వాష్‌బేసిన్ దగ్గర చేతులు కడుక్కుంటూ, అద్దంలోంచి తనని చూశారు. "కాంతం కేసు స్టడీలోంచి తీసెయ్."

"తీసేస్తాను సార్."

"నీ థీసిస్‌కి ఇంతకంటే మంచి కేసు దొరకదు. అదే లేకుండా పోతోంది."

"తెలుసు సార్."

"కమిటీకి రాద్దాం. నాలుగు దాటితే చూసేవాళ్లకి చెప్పి తీరాలని. నీ లెక్క బలహీనపడుతుంది, ఒప్పుకుంటావా?" నజ్నీన్ తలూపింది. ఆయన తువ్వాలు కొక్కేనికి తగిలించి, వెళ్లబోతూ ఆగి, "ఆ పసుపు నేనూ తుడవలేదు," అని, వెళ్లిపోయారు. వీరరాఘవమ్మగారికి ఇప్పుడు ఏం జవాబు చెప్పాలా అని ఆలోచిస్తూ నజ్నీన్ థియేటర్ వరండాలోకి వచ్చింది, సత్తిరాజు పక్కనే బల్లమీద కూర్చుంది. వాన తగ్గింది. తలుపు మీది ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, ఎంతసేపో వెలిగింది.

ఊపిరి గొట్టం తీసినరోజు కాంతం గొంతు బొంగురుపోయి, గవ్వలు రాసుకున్నట్టు ఉంది. కుడిచెయ్యి భుజందాకా తెల్లటి కట్టు. దాన్ని కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూసుకుంది.

"ఎన్ని పోయినయ్యండీ?"

"ఒకటి. చిటికెన వేలు. చెయ్యి నిలిచింది, పైన తోలు వెయ్యాలి, నెమ్మదిగా పని చేసుకోవచ్చు."

కాంతం ఎడమచేత్తో కట్టు అంచు తడుముకుంది. ఛాతీ నెమ్మదిగా లేచి పడుతోంది. నజ్నీన్ లెక్కపెట్టకుండా ఉండలేకపోయింది. ఇందాక ఐసీయూ బయట సత్తిరాజు తనకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, ఆ దండం తీసుకోవడానికి తనకి చేతులు రాలేదు. తను మంచం పక్కన నిలబడి ఎటూ తేల్చుకోలేక గడిపిన ఆ సమయంలో వేలు పోయిందా, ఆటో నీళ్లలో ఈదుకుంటూ వస్తున్నప్పుడే పోయిందా? ఏ మిషనూ చెప్పదు, ఏ స్టడీలోనూ రాదు.

"నాకేం తెలియలేదండీ డాక్టరమ్మగారూ," అంది కాంతం. "ఆ రోజు నేను బాగానే ఉన్నాననుకున్నాను."

"నేనూ అనుకున్నానండీ," అంది నజ్నీన్. "కాసేపు."